ఎవరి కళ్ళు వాళ్ళవేనా?

మన కథల్లో నాయికకి ఎప్పుడూ మత్తుకళ్ళే. సోగకళ్ళు, వాలుకళ్ళు అయిపోయాక రచయితకి ఇంకేమీ తోచకపోతే మత్తుకళ్ళు. చదివి మురిసిపోయి, మనమూ ఓసారి అద్దంలో చూసుకున్నవాళ్ళమే. నిజంగా మత్తెక్కిన కళ్ళని ఆ రచయితలెవరూ దగ్గర్నుంచి చూసినట్టు లేదు.

గంజాయి తాగితే తెల్లగుడ్డు మీది సన్నటి రక్తనాళాలు ఉబ్బి కళ్ళు జేవురిస్తాయి. నల్లమందు జాతి సరుకైతే కనుపాప గుండుసూది తలకాయంత అయిపోతుంది. కొకైన్ లాంటిదైతే తిరగబడి, పట్టపగలే చీకట్లో వున్నట్టు విచ్చుకుపోతుంది. వెలుతురులో రెండు మిల్లీమీటర్లకి ముడుచుకుని, చీకట్లో ఎనిమిది దాకా తెరుచుకోవడం దాని ధర్మం. ఆ తలుపు తీసే పనీ, వేసే పనీ ప్రకృతి మన ఇష్టానికి వదల్లేదు. నోరు అబద్ధమాడినంత సులువుగా కనుపాప ఆడలేదు.

వెనకటికి ఇటలీలో ఆడవాళ్ళు అందం కోసం బెల్లడోనా అనే మొక్క రసం కళ్ళలో వేసుకునేవారట. ఆ మాటకి వాళ్ళ భాషలో అర్థమే అందగత్తె. మన ఉమ్మెత్తలో వున్నదీ ఆ జాతి విషమే. పాపలు పెద్దవై కళ్ళు చక్రాల్లా వెలిగేవి. ఒక్కటే చిక్కు, ఆ మందు పడ్డాక దగ్గరివన్నీ అలుక్కుపోతాయి. ఊరంతా ఆ కళ్ళని చూసేది, ఆ కళ్ళకి మాత్రం ఎదుటి మనిషి మొహం ఆనేది కాదు. మత్తు ఇచ్చే సుఖమంతా ఇలాంటి బేరమే అనిపిస్తుంది నాకు.

విశాఖపట్నం వాళ్ళకి ఈ సంగతి పరాయిదేం కాదు. పాడేరు, చింతపల్లి కొండల్లో పండిస్తూ వచ్చిన గంజాయిలో ఒక రకానికి శీలావతి అని పేరు. పతివ్రత పేరు పెట్టుకుని ఎన్ని కొంపలు ముంచిందో చూడండి! 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. అంత సరుకుకి కొనేవాళ్ళంతా ఎక్కడో దూరాన వున్నారనుకుంటే మనకి నిద్ర పడుతుంది, అంతే.

అలవాటు పడ్డ కుర్రాణ్ణి అడిగితే, "నా కళ్ళు, నా ఇష్టం, మీకేం నష్టం?" అంటాడు. నాలుగు ముక్కలు చదివినవాడైతే, గంజాయి నీటికాసులకి మందని కూడా అంటాడు. అది పూర్తిగా అబద్ధమేం కాదు. గంజాయి కంటి లోపలి ఒత్తిడి తగ్గిస్తుందని 1971లోనే అమెరికాలో డాక్టర్లు గమనించారు. అయితే ఆ గుణం వుండేది మూడు నాలుగు గంటలే. జబ్బు అదుపులో వుండాలంటే రాత్రింబవళ్ళు ఆరెనిమిదిసార్లు తాగుతూ కూర్చోవాలి. చుక్కల మందుతో అయ్యే పనికి ఇంత తతంగం ఎందుకని కంటి డాక్టర్లు దాన్ని పక్కన పెట్టేశారు.

ఇక "నా కళ్ళు, నా ఇష్టం" అన్న మాట. వినడానికి న్యాయంగానే వుంది. కానీ మన వూరిని ఒక్కసారి తలుచుకోండి. హార్బరులో క్రేను మీద కూర్చున్నవాడి కళ్ళని నమ్మి కింద పదిమంది తల వంచుకుని పని చేసుకుంటారు. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముచ్చటగా పేర్లు పెట్టుకున్నారు. అక్కడ ఒకడి చూపు తప్పితే ఇంకొకడి ఒళ్ళు కాలుతుంది. గంజాయి మత్తులో ఎదురు లైటుకి చెదిరిన చూపు తొందరగా తేరుకోదు, దూరం అంచనా తప్పుతుంది. రాత్రిపూట గాజువాక రోడ్డు దాటే ముసలమ్మ ప్రాణం స్కూటరు నడిపేవాడి చూపులో వుంది. కళ్ళు మన మొహాన వున్నాయి గనక మనవి అనుకుంటాం. చూపు మటుకు నలుగురి సొత్తు.

అలా అనుకున్నాక ప్రశ్న మన వైపుకే తిరుగుతుంది. మన చూపు మటుకు మన ఒక్కరిదేనా? పొద్దుపోయి వచ్చిన పిల్లాడు అన్నం వద్దంటాడు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. తల్లికి తెలుస్తుంది. తెలిసీ, "నిద్ర లేక కాబోలు" అనుకుంటుంది. ఆయనకి చెబితే చెయ్యి చేసుకుంటారని భయం, పక్కింటివాళ్ళకి తెలిస్తే పరువు పోతుందని భయం. చూసీ చూడనట్టు వూరుకోవడం ప్రేమలాగే వుంటుంది. కానీ వాడికి అవసరమైన వేళ మన చూపుని మనం దాచేసుకున్నట్టే కదా!

అలాగని కళ్ళు ఎర్రబడ్డ ప్రతివాణ్ణీ దొంగని చెయ్యకండి. నైట్ డ్యూటీ చేసినా ఎర్రబడతాయి, కళ్ళకలక వచ్చినా, ఒంటరిగా కూర్చుని ఏడ్చినా ఎర్రబడతాయి. ఆ ఎరుపు మనల్ని అడగమంటుంది, తీర్పు చెప్పమనదు. పోలీసులా చూస్తే వాడు చుక్కల మందు వేసుకుని ఎరుపు దాచుకోవడం నేర్చుకుంటాడు. "ఏం నాన్నా, కళ్ళు అలా వున్నాయేం?" అని అడిగి, జవాబు వచ్చేదాకా పక్కనే కూర్చోవడం కష్టం. ఆ జవాబు మనం భయపడ్డదే అయినప్పుడు లేచి వెళ్ళిపోకుండా వుండటం ఇంకా కష్టం. డాక్టరు దగ్గరికి తీసుకెళితే కేసవుతుందని జంకేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. గుర్తింపు వున్న ఆసుపత్రికి తనంతట తాను వైద్యానికి వచ్చినవాడికి, మత్తుమందు వాడిన నేరం విషయంలో 1985 నాటి మత్తుమందుల చట్టమే 64-ఏ సెక్షను కింద రక్షణ ఇస్తోంది.

తల్లి కంటికి రెప్ప లాంటిదంటారు. రెప్ప మూసుకునే కన్నుని కాపాడుతుంది, నిజమే. మరుక్షణం తెరుచుకోకపోతే మాత్రం ఆ కన్ను వుండీ లేనట్టే. ఏమంటారు?