మన పొలములోని పరదేశి స్త్రీ

ధ్యానభాగము: రూతు 2వ అధ్యాయము, యాకోబు 5:4



బేత్లెహేములో యవల కోత జరుగుచున్నది. పొలము చూచుటకు వచ్చిన బోయజు, కోతగాండ్ర వెనుక పరిగె ఏరుకొనుచున్న క్రొత్త స్త్రీ నొకతెను చూచి, ఆమె ఎవరిదని పనివారిమీద నున్న సేవకుని అడిగెను. ఆ సేవకుని ప్రత్యుత్తరమును శ్రద్ధగా చదువుడి. ఆమె మోయాబునుండి వచ్చినదని చెప్పెను. నయోమితో కూడ వచ్చినదని చెప్పెను. ఉదయమునుండి పనిలో నున్నదనియు చెప్పెను. అన్నియు చెప్పెను గాని ఆమె పేరు మాత్రము చెప్పలేదు. రూతు అను రెండక్షరములు అతని నోట రాలేదు. ఆమె దేశము అతనికి తెలియును, ఆమె పని అతనికి తెలియును. ఆమె అతనికి తెలియదు.

మన జీడిమెట్లలో ఈ సంభాషణ ప్రతిదినము జరుగుచునే యున్నది. ప్రొద్దుటిపూట షాపూర్‌నగర్, చింతల్, సుభాష్‌నగర్ వీధులలో నిలువబడి చూడుడి. టిఫిను డబ్బాలు చేతబట్టుకొని స్త్రీలు గుంపులుగా పారిశ్రామికవాడకు నడచిపోవుచుందురు. మందుల కర్మాగారములలోను, ప్లాస్టిక్ వస్తువుల షెడ్లలోను, ప్యాకింగు పనులలోను వారి చేతులు ఆడుచుండును. కొందరు పాలమూరు, శ్రీకాకుళము ప్రాంతములవారు. కొందరు ఒడిశా, బీహారు, జార్ఖండు రాష్ట్రములనుండి వచ్చినవారు. వారిలో ఒకరిని చూపి, ఆమె పేరేమని మేస్త్రీని అడుగుడి. "ఆమెనా? ఒడిశా ఆమె" అనును. బోయజు సేవకుడు చెప్పిన జవాబే!

ఇతరులను నిందించుటకు ముందు మన తప్పును మనము ఒప్పుకొందము. ఒకప్పుడు ఒక ఒడియా సహోదరి వరుసగా మూడు ఆదివారములు మన ఆరాధనకు వచ్చి చివరి బల్లమీద కూర్చుండెను. మన పాటలు ఆమెకు రావు. మన ప్రసంగము ఆమెకు అర్థము కాలేదు. మనము చిరునవ్వు నవ్వితిమి, చేతులు జోడించితిమి, ఇండ్లకు పోతిమి. నాలుగవ ఆదివారము ఆమె రాలేదు. విచారింపబోగా, ఏ గదిలో నుండెనో, ఏ కంపెనీలో పనిచేసెనో, తుదకు ఆమె పేరేమో, మనలో ఒక్కరికిని తెలియలేదు. సంఘమని పిలువబడుచున్న మనకు ఇది సిగ్గు కాదా?

పరదేశి స్త్రీ అనగా ఎవరో అన్యురాలని మనము తలంచుచున్నాము. మన తల్లుల చరిత్రను మనము మరచితిమి. 1860వ సంవత్సరము నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి దక్షిణ ఆఫ్రికాలోని దర్బను రేవు చేరెను. చెరకు తోటలలో ఒప్పందపు కూలీలుగా పనిచేయుటకు నేటాలు దేశమునకు వెళ్లిన మొదటి గుంపు అది. అది మొదలుకొని తెలుగు స్త్రీలు అనేకులు సముద్రము దాటి ఆ తోటలకు పోయిరి. అచట పురుషునకు మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగుల కూలి. స్త్రీకి అందులో సగము. ఒప్పందము తీరిన పిమ్మట ఆ దేశములోనే స్వేచ్ఛగా నిలువగోరువారు ఏటేట 3 పౌండ్ల పన్ను చెల్లింపవలెనని 1895లో చట్టము చేసిరి. ఆ పన్ను స్త్రీలకును వర్తించెను. చూచితిరా! కూలి ఇచ్చునప్పుడు ఆమె సగము మనిషి; పన్ను తీసికొనునప్పుడు ఆమె నిండు మనిషి.

ఆ స్త్రీలను మన తెలుగు సంఘములు మరువలేదు. 1903లో తెలుగు బాప్తిస్టు హోం మిషను వారు నెల్లూరునుండి రెవరెండు జాన్ రంగయ్యగారిని నేటాలులోని తెలుగు కూలీలయొద్దకు పంపిరి. ఆయన సకుటుంబముగా సముద్రము దాటి వెళ్లి వారిమధ్య సంఘము కట్టెను. నాటి సంఘములు ధనవంతములు కావు. అయినను పరదేశములో నున్న తమవారిని వెదకుకొనుచు ఓడ ఎక్కినవి. నేడు మనము ఓడ ఎక్కనక్కరలేదు. వీధి దాటిన చాలును.

ఆ పన్ను ఎట్లు తొలగెనో వినుడి. 1913లో గాంధీగారి నాయకత్వమున జరిగిన సత్యాగ్రహములో భారతీయ స్త్రీలు ట్రాన్స్‌వాలు సరిహద్దు దాటి న్యూకాసిలు చేరి, బొగ్గు గనులలోని కూలీలను పని మానుడని కోరిరి. కూలీలు వారి మాట విని వేలకొలది పని నిలిపిరి. ఆ స్త్రీలకు కఠినశిక్ష విధింపబడెను. చంకబిడ్డలతో చెరసాలకు పోయినవారును వారిలో కలరు. వల్లియమ్మ అను పదునారేండ్ల తమిళ బాలిక చెరలో జబ్బుపడి, విడుదలైన కొలది దినములకే 1914 ఫిబ్రవరి 22న మరణించెను. ఆ సంవత్సరమే ఆ పన్ను రద్దాయెను. స్త్రీల సమానత్వము ఎవరో దయతో ఇచ్చినది కాదు, ప్రియులారా. అందులో కూలి స్త్రీల కన్నీరు కలదు, ఒక బాలిక ప్రాణము కలదు.

ఇక బోయజు పొలమునకు తిరిగి వత్తము. అతడు చేసిన కార్యములు నాలుగు. ఆమెను కుమారీ అని పిలిచి మాటలాడెను. ఆమెను ముట్టకూడదని పడుచువారికి ఆజ్ఞాపించెను. పనివారు చేదిన నీళ్లే ఆమెయు త్రాగవచ్చుననెను. భోజనవేళ కోతగాండ్ర ప్రక్కను ఆమెను కూర్చుండబెట్టెను. గౌరవము, భద్రత, నీళ్లు, సమానమైన పంక్తి: ఈ నాలుగును మన కర్మాగారములలో పరదేశి స్త్రీకి దొరకుచున్నవా? ఆమె కొరకు శుభ్రమైన మరుగుదొడ్డి యున్నదా? రాత్రి పని విడిచి ఆమె నడచిపోవు దారిలో దీపమున్నదా?

పరిగె కూడ భిక్షము కాదని గుర్తించుడి. పొలము అంచులను పూర్తిగా కోయక బీదలకును పరదేశులకును విడువవలెనని లేవీయకాండము 19వ అధ్యాయములోనే ఆజ్ఞ యున్నది. రూతు తన హక్కును ఏరుకొనెను. అయితే మన సహోదరి పరిగె ఏరుకొనునది కాదు, ఆమె కోతకోయునది. కాబట్టి ఆమెకు చెల్లవలసినది రాలిన వెన్ను కాదు, నిండు కూలి. కోతగాండ్రకు బిగబట్టిన కూలి మొరపెట్టుచున్నదనియు, ఆ కేకలు దేవుని చెవిని చేరుచున్నవనియు యాకోబు భక్తుడు ధనవంతులను హెచ్చరించెను. ఆ కేకలకు తెలుగు, ఒడియా, హిందీ అను భేదము లేదు.

మన దేశపు రాజ్యాంగము కూడ 39వ అధికరణములో స్త్రీ పురుషులకు సమానమైన పనికి సమాన వేతనము నిర్దేశించుచున్నది. 1976లో దానికొరకు చట్టము వచ్చెను. ఇప్పుడు దాని స్థానమున 2019 నాటి వేతనముల కోడ్ 2025 నవంబరు 21నుండి అమలులో నున్నది. ఒకే విధమైన పనికి స్త్రీయను కారణమున కూలి తగ్గింపరాదు. అయినను "ఆడకూలి, మగకూలి" అను మాటలు మన నోళ్లలో ఇంకను ఎంత సహజముగా నున్నవి! మన సంఘములోనే గుత్తేదారులు కలరు, సూపర్‌వైజర్లు కలరు, గదులు అద్దెకిచ్చువారు కలరు. ఆదివారము కానుక వేయు చేయియే శనివారము కూలి పంచుచున్నది. ఆ రెండు చేతులును ఒక్కటే అని దేవునికి తెలియును.

2020వ సంవత్సరమును తలంచుకొనుడి. లాక్‌డౌను దినములలో మేడ్చల్ రహదారిపై మూటలు నెత్తిన బెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని నడచిపోయిన తల్లులను మనము కన్నులార చూచితిమి. మే 1న వలస కార్మికులకొరకు దేశములో మొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లినుండియే జార్ఖండులోని హటియాకు బయలుదేరెను. ఆ దినములలో అన్నము పొట్లములు పంచితిమి; మంచిదే. కాని పొట్లము ఇచ్చుట ఒక దినపు పని. ప్రక్కను చోటిచ్చుట ప్రతిదినపు పని.

కావున ఈ మాసము మనము చేయదగిన పనులు కొన్ని కలవు. మన వీధిలోని పరదేశి సహోదరి పేరు అడిగి తెలిసికొందము. ఆమె భాషలో నాలుగు మాటలు నేర్చుకొందము. ఇతర రాష్ట్రపు రేషన్ కార్డుపై కూడ ఇచటి దుకాణములో బియ్యము పొందవచ్చునని ఆమెకు తెలియజెప్పి, మొదటిసారి తోడుగా పోదము. ఆమె బిడ్డను అంగన్‌వాడీలో చేర్పింతము. పనిస్థలములో ఎవరైనను ఆమెను వేధించినయెడల, 2013 చట్టము ప్రకారము పదిమంది పనిచేయు చోట విచారణ కమిటీ యుండవలెననియు, అంతకు తక్కువైనచోట జిల్లా కమిటీ కలదనియు చెప్పి, ఆమె ప్రక్కను నిలువబడుదము. స్త్రీల మైత్రి కూటములో ఆమెకు చివరి బల్ల కాదు, మన ప్రక్కనే చోటిత్తము. మనలో కూలి పంచువారు తమ లెక్కపుస్తకమును దేవుని సన్నిధిని ఒకసారి విప్పి చూచుకొందురు గాక.

సేవకుడు పేరు చెప్పని ఆ స్త్రీ పేరు మత్తయి సువార్త మొదటి అధ్యాయములో మన ప్రభువు వంశావళిలో వ్రాయబడియున్నది. మేస్త్రీకి తెలియని పేరు దేవుని గ్రంథములో నిలిచినది. మన వీధిలో నేడు నడచిపోవుచున్న ఆ సహోదరి పేరును దేవునికి తెలియును. అది మనకును తెలియునట్లు ఆయన మన కన్నులను తెరచును గాక. ఆమేన్.