పీత వీపున కాపురం

దుత్తలూరు నెల్లూరు జిల్లాలోని మెట్ట ఊరు. సముద్రం చూడాలంటే తూర్పుకు చాలా దూరం పోవాలి. అయినా ఈ కథ అక్కడివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

వెలుతురు దిగని సముద్రపు లోతులో రెండు గూస్ బార్నకిల్ పిల్లలు ఈదుతుండేవి. ఈ జీవులు రొయ్యకూ పీతకూ చుట్టాలు. పెద్దయ్యాక తొడిమ చివర పెంకుల మొగ్గలా ఉంటాయి. పిల్లప్రాయం ఆఖరి దశలో వీటికి తిండి లేదు. ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగేలోగా ఎక్కడో ఒకచోట అంటుకోవాలి. తల ఆనించి బంక కార్చాయంటే ఇక చచ్చేదాకా అక్కడే.

వాటికి ముందుగా ఒక ముదురు పీత తగిలింది. పెంకంతా గీతలు, మాసిన రంగు, నిదానం నడక. ఒక పిల్ల దాని వీపునే తల ఆనించింది. రెండోదానికి అది నచ్చలేదు. ఇంకాస్త ఈది, నిగనిగలాడే పడుచు పీతను వెతుక్కుంది. ఆ పీత చురుగ్గా తిరిగేది. తిరిగిన చోటల్లా కొత్త నీరు, కొత్త మేత. బార్నకిల్ ఆరు జతల కాళ్లూ బయటికి చాపి, దొరికినదల్లా నోట్లోకి తోసుకుని బలిసింది. తోబుట్టువు ఎంపికను తలచుకుని నవ్వుకుంది కూడా.

పడుచు పీత ఇంకా ఎదుగుతోంది. ఒకనాడు పెంకు బిగుతై వెనకవైపు పగిలింది. పీత మెత్తటి ఒంటితో వెనక్కి జారి బయటపడి, రాతి చాటుకు పోయింది. తన వీపున ఒకటి కాపురముందని దానికి తెలియనే తెలియదు. బార్నకిల్ ఊడి రాలేక డొల్లతోపాటు బురదలో కూరుకుపోయింది.

ముదురు పీతది, పెద్దయ్యాక పెంకు మార్చని జాతి. దాని వీపున చేరిన బార్నకిల్ గుడ్లు పెట్టి, పిల్లల్ని నీటిలోకి వదిలింది.

పీతది ద్రోహం కాదు, ఎదగాలంటే పెంకు విడవక తప్పదు. దుత్తలూరు నుంచి మేస్త్రీ వెంట బెంగళూరుకో మద్రాసుకో మూటాముల్లె సర్దుకునే పిల్లలారా, ఆయన ఎంత వేగంగా పైకొస్తున్నాడన్నది ఒక్కటే చూడకండి. రేపు ఆయన పెద్ద కాంట్రాక్టుకు మారితే మీ చేతిలో సొంత పనితనం ఏం మిగులుతుందో, బస్సెక్కకముందే లెక్క చూసుకోండి.