ఎరువడిగిన పనిముట్టు

గౌతమీ వసిష్ఠ శాఖల నడుమనున్న కోనసీమలో సైకిలు చెడిపోయినచో ఆగిపోవునది చక్రము మాత్రమే కాదు. ముక్తేశ్వరము రేవున గోదావరి దాటి కోటిపల్లి చేరవలసినవానికి పంటు తప్పిపోవును. రావులపాలెము అంగడికి అరటిగెలలు కట్టుకొనిపోవువాడు కాలువగట్టున బరువు దించుకొని నిలువవలసివచ్చును. అట్టి వేళ పానాలు, గాలిపంపు ఉన్న పొరుగింటి తలుపు తట్టుట సహజము. ఆ ఇంటివాడు కొంత పని తెలిసినవాడైనచో వీథికంతకును వాని అరుగే మరమ్మతుశాల.

ఇచట నొక ధర్మసందేహము కలదు. బసవేశ్వరుని బోధలో కాయకము, దాసోహము అనునవి విడదీయరానివి. చేతిపని పూజయైనప్పుడు పనిముట్టు పూజాద్రవ్యమే యగును. దానిని భద్రపరచుకొనుట కాయకధర్మము. దాసోహదృష్టిలోనో, తనదనదగిన దేదియు లేదు. మరి పొరుగువాడు పానా అడిగినప్పుడు లేదనుటకు అధికార మెక్కడిది?

లోకులు ఈ చిక్కును సాధారణముగ మనిషినిబట్టి తీర్చుకొందురు. ఉద్యోగస్థుడు అడిగినచో పెట్టె పెట్టెయే ఇత్తురు. కూలివాడు అడిగినచో 'ఎవరో పట్టుకుపోయినారు' అందురు. అబద్ధము చిన్నదే. కాని దానిలో కులమును, అంతస్తును రెండును దాగియున్నవి. పడవ నడపు అంబిగర చౌడయ్యను, త్రాళ్లు పేను నులియ చందయ్యను శరణులుగా గౌరవించు సంప్రదాయమునకు చెందినవారు ఈ తక్కెడ పట్టరాదు. తూచవలసినది మనిషిని గాదు, పనిముట్టును.

గాలిపంపు ఎవరడిగినను ఈయవచ్చును. టైరు విప్పు లీవర్లు నంతే; మహా అయిన ట్యూబునకు మరియొక చిల్లి పడును. చువ్వలు బిగించు కీ సంగతి వేరు. పాతరకపు సైకిలునకు ముందు చక్రమున 32, వెనుక చక్రమున 40 చువ్వలుండుట వాడుక. ఒకవైపు చువ్వ బిగించిన రిమ్ము ఆ వైపునకే లాగును. ఎదుటి చువ్వను కొంత వదలవలెను. ఇది తెలియనివాడు వంకర తీయబోయి చక్రమును మరింత వంకర చేయును. ఎడమ పెడలు మర ఎదురుదిక్కున తిరుగును. అది ఎరుగక బలముకొలది త్రిప్పినచో మర అరిగిపోవును. కాటరుపిన్నును క్రింద ఆనిక లేకుండ సుత్తితో కొట్టినచో, ఆ దెబ్బ లోపలి బాల్సుగిన్నెలపై పడును. ఈ మూడింటను చెడునది ఎరువిచ్చినవాని పనిముట్టు గాదు, అడిగినవాని సైకిలే. కావున అట్టివి ఈయకుండుట వాని మేలుకొరకే యనవచ్చును.

అయితే ఈ మాట లోభమునకు మంచి ముసుగు. దానిని పరీక్షించుటకు మార్గ మొకటే: ఈయనన్నవాడు తాను లేవవలెను. లేచి స్వయముగ చేయవలెను, లేదా దగ్గర నిలిచి చూపవలెను. పనిముట్టునీయక, అరుగునుండి కదలక, 'నీకు రాదులే' అని పంపివేయువానికి సైకిలుపైని దయ యున్నదేమో గాని మనిషిపైని లేదు.

లేచి చేయుటలోను హద్దు కలదు. ఆయ్దక్కి మారయ్య నిత్యము తెచ్చు బియ్యమునకు మించి ఒకనాడు తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ ఆ ఎక్కువను మరల పోసిరమ్మన్న కథ ప్రసిద్ధము. ఎక్కువ తెచ్చుటకే గాదు, ఎక్కువ చేయుటకును అది వర్తించును. మోటారు సైకిళ్లు వచ్చిన పిమ్మట సెంటరులోని సైకిలుషాపువానికి బేరమే పలుచన. ఊరివారి పంక్చర్లన్నియు ఒకడు ఉచితముగ వేయుచు పోయినచో, ఆ ఔదార్యము వాని కుండకే ఎసరు పెట్టును. చీకటిపడి దారిలో చిక్కుకొన్నవానికి చేయుట వేరు. తీరికగా ఆదివారము తెచ్చినవానికి షాపుదారి చూపుట వేరు. రెండవదియు సేవయే, మెప్పు మాత్రము రాదు.

ఇక ఇచ్చినది మరల అడుగుట దాసోహమునకు మచ్చయని కొందరి భయము. దాసోహము కాదన్నది 'నేనిచ్చితిని' అను గర్వమును, అడుగుటను గాదు. నేడొకని ఇంట చిక్కిన పానా రేపు రేవుకు పోవువానికి అందదు. పనిముట్టు వలన జరుగు సేవ ఆగకుండుటకే దానిని అడుగవలెను. అదియు మరునాడే అడుగవలెను. ఆరుమాసములు మౌనము వహించి పిదప నలుగురిలో దెప్పుటకన్న పానాను మరచిపోవుటయే మేలు. తుప్పుపట్టి తిరిగివచ్చుటయు కలదు. సముద్రపుగాలి తగులు రాజోలు ప్రాంతమున అది త్వరగనే పట్టును. అప్పుడు తెచ్చినవానిని అరుగుపై కూర్చుండబెట్టి, నూనెగుడ్డ వాని చేతికిచ్చి, ఇరువురును కలిసి తుడిచినచో చాలును.