ఇట్లియ్యండి, నేను చేసేస్తా

శ్రీకాళహస్తి చుట్టుపక్కల కన్నప్ప కథ తెలియనివాళ్లు ఉండరు. శివుడి కంట నెత్తురు కారుతుంటే తన కన్ను పెరికి పెట్టాడు. రెండో కంటా నెత్తురు మొదలైంది. తన రెండో కన్నూ తీసేస్తే పెట్టాల్సిన చోటు కనపడదు కదా అని, ముందే అక్కడ గుర్తుగా పాదం ఆనించాడు. భక్తి సంగతి పక్కన పెడితే, నన్ను ఆపేది ఆ పాదమే. చూపు ఉండగానే, చూపు లేని ఘడియకు ఏర్పాటు చేసుకున్నాడు.

నీటికాసులు, అదే గ్లకోమా వచ్చిన చాలామందికి అలాంటి వ్యవధి దొరుకుతుంది. ఎక్కువగా కనిపించే రకంలో నొప్పి ఉండదు, పక్కచూపు నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందైనా ఆపరేషనైనా మిగిలినదాన్ని కాపాడటానికే. చేతిలో ఉన్న నట్టు కనపడుతుంది, పక్కన పెట్టిన పానా కనపడదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం అంధత్వాన్నీ తక్కువ చూపునీ విడివిడిగా నిర్వచించింది. చూపు పరిధి 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల దాకా ఉంటే తక్కువ చూపు కిందికి వస్తుంది. సర్టిఫికెట్‌కి ఆ లెక్క సరిపోతుంది. ఇంట్లో కొళాయి కారుతున్నప్పుడు పానా ఎవరు పట్టాలో మాత్రం డిగ్రీలు చెప్పవు.

చిత్తూరులో మా పెదనాన్న వాళ్లింట్లో ఈ ప్రశ్నని దగ్గర్నుంచి చూశాను. బోరు నీళ్లు కాబట్టి ఉప్పు పేరుకుని కొళాయిలు బిగుసుకుపోతాయి, వాషర్లు ఊరికే పాడవుతాయి. ముప్పై ఏళ్లుగా ఆ పనులన్నీ ఆయనవే. చూపు తగ్గడం మొదలయ్యాక పెద్దమ్మ ఆయన చేతిలోంచి పానా తీసుకుంటూ ఒకే మాట అనేది: "ఇట్లియ్యండి, నేను చేసేస్తా." ప్రేమతో అన్న మాటే. పనీ తొందరగా అయిపోతుంది. కానీ రోజుకి నాలుగుసార్లు ఆ మాట వింటే మనిషి తన ఇంట్లోనే చుట్టం అయిపోతాడు.

భారతంలో ఇలాంటి ఇల్లు ఒకటుంది. భర్త చూడలేని లోకాన్ని తానూ చూడనని గాంధారి కళ్లకి గంతలు కట్టుకుంది. త్యాగం పెద్దదే, కానీ ఆ ఇంట్లో అక్కరకొచ్చే కళ్లు కూడా లేకుండా పోయాయి. సంజయుడు యుద్ధమంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. వినడం తప్ప ధృతరాష్ట్రుడు చేయగలిగిందేమీ లేదు. నష్టాన్ని సమానంగా పంచుకోవడం ఒకటి, చూపుని మాటల్లో చేరవేయడం ఇంకొకటి. ఆ మాట మళ్లీ అవతలి మనిషి చేతిలో పనిగా మారడం మూడోది. కష్టమంతా ఈ మూడోదానిలోనే.

మా వృత్తిలో పెయిర్ ప్రోగ్రామింగ్ అని ఉంది. ఒకరు టైప్ చేస్తుంటే రెండోవాళ్లు పక్కన కూర్చుని ముందుచూపు చూస్తారు, మధ్యమధ్యలో స్థానాలు మార్చుకుంటారు. చూస్తున్నవాళ్లు ఆగలేక కీబోర్డు లాక్కుంటే ఆ పద్ధతి అక్కడితో అయిపోయినట్టే. పెద్దమ్మా పెదనాన్నా ఆ పేరు వినకుండానే అలాంటిదే ఒకటి కుదుర్చుకున్నారు. గేట్‌వాల్వ్ కట్టేశాక, తెల్ల టైల్స్ మీద నల్లగుడ్డ పరిచి సామాన్లు దానిమీద వరసగా పెడతారు. "పానా మూడు గంటల వైపు పెట్టినా" అంటుంది ఆమె, గడియారం లెక్కన. మర పక్కకెక్కితే కంటికంటే ముందు వేలికే తెలుస్తుంది కాబట్టి బిగించేది ఆయన. కరెంటు పనిలో మాత్రం మెయిన్ ఆపాక టెస్టర్ వెలగడం లేదని చూసి చెప్పేది ఆమె. నిచ్చెన ఇద్దరూ ఎక్కరు. గౌరవం పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోవాల్సిన పని లేదు.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. మన ఇళ్లలో ఆడవాళ్ల చేతికి టార్చి ఇస్తారు, పానా ఇవ్వరు. ఇప్పుడు వాళ్ల కళ్లు కూడా ఇంకొకరి పనికి కేటాయించేస్తే, టార్చి పట్టుకోవడమే ఇంకాస్త పెద్ద ఉద్యోగమవుతుంది. వాషర్ మార్చడం పెద్దమ్మ నేర్చుకుంది, సరే. మరి కూరగాయలు తరగడం పెదనాన్న నేర్చుకున్నాడా? నేర్చుకున్నాడు, కాస్త ఆలస్యంగా. తక్కువ చూపుతో పానా పట్టగలిగే చెయ్యి కత్తిపీట దగ్గర మాత్రం చేతకాదంటే, అది కంటి జబ్బు కాదు, పాత అలవాటు.

ఇలా చేస్తే పది నిమిషాల పని అరగంట పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు ఇద్దరి జీవితాల్లోంచీ పోతాయి కాబట్టి, వద్దనే హక్కు ఇద్దరికీ ఉండాలి. "నువ్వే చెయ్యి, నాకు విసుగ్గా ఉంది" అని ఆయన పానా చేతికిస్తే అది ఓటమి కాదు. అడక్కుండా లాక్కోవడం ఒకటే సమస్య. "ఈరోజు నాకు ఓపిక లేదు, ప్లంబర్ని పిలిపిద్దాం" అని ఆమె అన్నా ప్రేమ తగ్గినట్టు కాదు.