కుచేలుని ఇల్లాలు

సాందీపని ఆశ్రమమున కలిసి చదివిన శ్రీకృష్ణ కుచేలులు, గృహస్థులైన చిరకాలమునకు ద్వారకలో కలిసికొనిరి. గురుపత్ని పంపగా కట్టెలకై అడవికేగి, అకాలవర్షమున చేయి చేయి పట్టుకొని రాత్రియెల్ల తిరిగిన బాల్యమును స్వామి జ్ఞప్తికి తెచ్చెను. తగిన భార్య లభించినదా యనియు అడిగెను.

బిడ్డల ఆకలి చూడలేక పతిని పంపినది ఆ యిల్లాలే. పొరుగిండ్ల యాచించి నాలుగు పిడికిళ్ల అటుకులు మూటగట్టి యిచ్చినదియు ఆమెయే. నిష్కాముడగు భర్తను అట్లు పంపుట లోభమగునా? కానేరదు. తన ఆకలిని సహించుట వైరాగ్యము; ఇంటివారి ఆకలిని గమనింపకుండుట వైరాగ్యము కాదు.

కుచేలుడేమియు కోరలేదు, అటుకులిచ్చుటకును సిగ్గుపడెను. స్వామియే మూటను లాగికొని పిడికెడు ఆరగించెను. లేమిలో ఏండ్ల తరబడి ఇల్లు నడిపిన ఆ సాధ్వి ఓర్పు అందు గలదు. గృహస్థుని భక్తికి ఇల్లాలి శ్రమ ఆధారమని స్వామి యెరుగును, గృహస్థుడును ఎరుగవలెను.