పడినవానిని లేపు జట్టు

ధ్యాన భాగములు: ప్రసంగి 4:9-12, అపొస్తలుల కార్యములు 6:1-7



ఒంటిగా నడచువాని దురవస్థను ప్రసంగి రెండు మాటలలో చెప్పియున్నాడు. తోడున్నవాడు పడినయెడల లేపుటకు ఒక చెయ్యి కలదు. తోడు లేనివానికి ఆ చెయ్యి లేదు. బావి గట్టున జారినవారికి, రాళ్లు కొట్టుచు బ్రతికినవారికి, మూట నెత్తిన పెట్టుకొని బొంబాయి బండి ఎక్కిన మన పాలమూరు ప్రజలకు ఈ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. అయితే ఈ నెల మేము ఈ వాక్యమును మీరు తలంచని చోట చూపగోరుచున్నాము. అది మన యిండ్లలోని పడుచువాండ్రు సెల్ ఫోనులో ఆడు పోటీ ఆట.

పెద్దలు అప్పుడే నొసలు ముడిచియుందురు. మీ ఆయాసము మేమెరుగుదుము. నడిరేయి వరకు ఫోను చూచి ఆదివారపు ఆరాధనలో కునుకు తీయు కుర్రవాండ్రు వేదిక మీదనుండి మాకు బాగుగనే కనబడుచున్నారు. డబ్బు పందెము కట్టు ఆటల సంగతి వేరు, అది జూదమే. దానిని నిషేధించుచు 2025లో భారత పార్లమెంటు చట్టము చేసినది, మాకును దానిని గూర్చి రెండవ మాట లేదు. జట్టుగా కూడి నేర్పుతో ఆడు పోటీని మాత్రము అదే చట్టము వేరుచేసి క్రీడగా ఎంచినది. కావున మనమును వేరుచేసి చూడవలెను.

ఆ ఆట ఎట్లుండునో తెలియనివారికి చెప్పెదము. మన యౌవనస్థులలో అనేకులు ఆడునది బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. మునుపు పబ్జీ అను పేరుతో నుండిన దానిని 2020 సెప్టెంబరులో ప్రభుత్వము ఆపివేయగా, 2021 జూలైలో ఈ పేరుతో వచ్చినది. నూరుమంది వరకు ఒక దీవిలో దిగుదురు. నలుగురేసి ఒక జట్టు. గుండు తగిలినవాడు జట్టులో ఇంకొకడు నిలిచియున్నంతవరకు వెంటనే చావడు, మోకాళ్ల మీద ప్రాకుచుండును. అప్పుడు తోడివాడొకడు అతని ప్రక్కకు పోయి, తుపాకి పేల్చుట మాని, కొన్ని క్షణములు అక్కడనే ఆగి అతనిని లేపవలెను. ఆ క్షణములలో లేపువాడే శత్రువుకు సులభముగా చిక్కును. అయినను పోవుదురు. తూటాలు పంచుకొందురు, గాయపు కట్లు పంచుకొందురు. తుపాకుల ఆట మాకు ఇంపైనదని చెప్పుట లేదు సుమా. ఆ లేపుట మాత్రము చూడదగినది.

మన యూరి పిల్లల జట్టులో నాలుగవవాడు ఎవడో మీలో ఎందరికి తెలియును? పోలేపల్లి మందుల కంపెనీలలో పనికి వచ్చిన ఒడిషా చిన్నవాడు. వానికి తెలుగు రాదు, మనవాండ్రకు ఒరియా రాదు. వచ్చీరాని హిందీలో “భయ్యా, ఇధర్ ఆవో” అని పిలుచుకొందురు. వాడు పడినప్పుడు మనవాడు పరుగెత్తును. మనవాడు పడినప్పుడు వాడు పరుగెత్తును. నీ భాష యేది, నీ వాడ యేది అని అడుగుటకు అక్కడ వేళ లేదు.

లోకములో పెద్ద పోటీలయందును ఇదే కనబడుచున్నది. డోటా 2 అను ఆటలో అయిదుగురు ఒక జట్టు. అందులో ఒకరిద్దరు తమకు రాదగిన బంగారమును తోడివానికి విడిచిపెట్టి, చీకటి తావులలో కావలి గురుతులు నాటుచు, అందరికిని శత్రువు జాడ కనబడునట్లు చేయుదురు. పేరు వేరొకనికి వచ్చును. వారు లేనిదే గెలుపు లేదు. ఈ ఆటకు జరుగు ఇంటర్నేషనల్ అను గొప్ప పోటీని 2018లో వాంకూవరులోను 2019లో షాంఘైలోను ఓజీ అను ఒక్క జట్టే గెలిచినది. అంతకుముందు ఏ జట్టును రెండుమార్లు గెలువలేదు. ఆ అయిదుగురిలో ఇద్దరు ఫిన్లాండువారు, ఒకడు డెన్మార్కువాడు, ఒకడు ఫ్రాన్సువాడు, ఒకడు ఆస్ట్రేలియావాడు. మన దేశపు జట్టును 2022 ఆగస్టులో బర్మింగ్‌హాములో జరిగిన కామన్వెల్తు దేశముల పోటీలో ఇదే ఆటలో కంచు పతకము తెచ్చినది.

ఇది ఫోనుతో పుట్టిన సంగతి కాదని పెద్దలకు మరియొకటి జ్ఞాపకము చేసెదము. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మన దేశపు ఫుట్‌బాల్ జట్టు బంగారు పతకము గెలిచినది. దానిని తీర్చిదిద్దినవాడు హైదరాబాదు వాస్తవ్యుడు, బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ జట్టులో బెంగాలు చునీ గోస్వామి, పంజాబు సిక్కు జర్నైల్ సింగు, గోవా ఫ్రాంకో, సికింద్రాబాదు తులసీదాస్ బలరాం, గోలు కాయుటకు పీటర్ తంగరాజ్ ఉండిరి. వెనుక కావలి కాయు జర్నైల్ సింగునకు తలకు గాయమై కుట్లు పడెను. రహీం అతనిని ఇంటికి పంపలేదు, ముందువరుసలో నిలిపెను. చివరి ఆటలో దక్షిణ కొరియాపై వచ్చిన రెండు గోలులలో ఒకటి ఆ కుట్ల తలవాడు కొట్టినదే. రహీం అప్పటికే వ్యాధిగ్రస్తుడు. మరుసటి సంవత్సరమే కన్నుమూసెను.

ఇప్పుడు మన మందిరమునకు వత్తము. పోలేపల్లికి పనికి వచ్చినవారిలో ఒడిషా, జార్ఖండు విశ్వాసులు కొందరు ఆదివారము మన యారాధనకు వచ్చుచున్నారు. ఎక్కడ కూర్చుందురు? చెప్పులు విడుచు వాకిలి యొద్ద. ముందునకు రండని పిలిచినవారు తక్కువ. రాత్రి ఆటలో ఒరియా చిన్నవానిని లేపిన మన కుర్రవాడే ఉదయమున వాని ప్రక్కనుండి దాటి తన వారి చాప మీదికి పోవుచున్నాడు. వానికి ఆటలోని పేరు తెలియును, తల్లి పెట్టిన పేరు తెలియదు. పిల్లలను మాత్రమే తప్పుపట్టుటయెందుకు? ఈ వాడవారు ఈ ప్రక్క, ఆ వాడవారు ఆ ప్రక్క అను వరుసను వారికి చూపినది మనమే కదా. పూనాలోను బొంబాయిలోను భాష రాక మూల నిలుచుండినవారు మన తండ్రులే కదా.

యెరూషలేము సంఘములోను ఇట్టి గొడవ లేచెను. అనుదిన పంపకములో తమ విధవరాండ్రను విడిచిపెట్టుచున్నారని గ్రీకు మాటలాడువారు సణిగిరి. అపొస్తలులు వారిని గద్దింపలేదు. ఓర్చుకొనుడని బోధించి ఊరకుండలేదు. ఏడుగురిని ఎన్నుకొనుడనిరి. ఆ ఏడు పేర్లు చదివి చూడుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, అంతియొకయవాడైన నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే. ఎవరి గిన్నెలోనికి అన్నము రాలేదో వారివైపు వారి చేతికే గరిటె నిచ్చిరి. జాలిపడి ఒక ముద్ద ఎక్కువ వేయుట వేరు, గరిటె నిచ్చుట వేరు. ఇది జరిగిన తరువాతనే వాక్యము ప్రబలమాయెనని లూకా వ్రాయుచున్నాడు.

వచ్చు నెల మొదటి ఆదివారము ప్రభువు బల్ల ముగిసిన పిమ్మట ప్రేమవిందు కలదు. వడ్డించువారి పట్టీ సంఘపెద్దల యొద్ద నున్నది. ఇప్పటికి అందులో ఏడు పేర్లున్నవి, ఏడును మన వాడల పేర్లే. శనివారము వరకు ఆ పట్టీని ముగింపవద్దని పెద్దలకు చెప్పియున్నాము. వాకిలి యొద్ద కూర్చుండువారి పేర్లు తెలిసికొని వ్రాయించు పని యౌవనస్థుల కప్పగించుచున్నాము. వారికి హిందీ మనకంటె బాగుగా వచ్చును.