అభయదానము ఎప్పుడు పూర్తియగును?

దానములలో అభయదానము శ్రేష్ఠమని మన గురువులు ప్రతి చాతుర్మాస్యమందును చెప్పుచునే యుందురు. కసాయివానికి రొక్కమిచ్చి ప్రాణిని విడిపించిన దినమున మనకు కలుగు తృప్తి ఇంతంత కాదు. ఐతే రొక్కము చెల్లించినంతనే ఆ దానము ముగిసినదా? జమాఖర్చులు వ్రాసికొను వృత్తిలోనివాడను గనుక ఈ సందేహము నన్ను వదలలేదు. పుచ్చుకొన్న ప్రాణికి భయము పోయిననే గదా అది అభయము!

గత సంవత్సరము బళ్ళారి సంతలో కోళ్ళ గంపల నడుమ ఒక తెల్లకుందేలును చూచి, కత్తి తప్పించుటకు కొని యింటికి తెచ్చితిని. పుణ్యమును మనస్సులో జమ వ్రాసికొంటిని. కుందేలు మాత్రము బీరువా క్రిందికి దూరి మూడు దినములు వెలికి రాలేదు. నేను చేయి పెట్టి పైకి లాగి, ఒడిలో వెల్లకిల పరుండబెట్టి నిమురుచుంటిని. కదలకుండుట చూచి, ఎంత శాంతముగా నున్నదో యని మురిసితిని. పశువైద్యుడు నవ్వి, "అది శాంతం కాదండీ, భయం. వేటజంతువుకు దొరికిపోయినప్పుడు అలాగే బిగుసుకుపోతుంది. పైనుంచి వచ్చే చెయ్యి దానికి డేగతో సమానం" అనెను. నాకు సిగ్గు వేసినది.

బయట వదలుదమన్న, పెంపుడు కుందేలు మన చేలలోని చెవులపిల్లి కాదు, జాతియే వేరు. వీధికుక్కలు ఒక పూట బ్రతుకనీయవు. తిండికి మాత్రము చిక్కు రాలేదు. కుందేలనగానే క్యారెట్టు అందురు గాని దాని ముఖ్యాహారము గడ్డియే. మన వంటయింటికి రాని కందమూలము దానికిని అక్కరలేకపోయెను.

ఆ రాత్రి జ్ఞాతాధర్మకథలోని మేఘకుమారుని పూర్వజన్మ జ్ఞప్తికి వచ్చెను. అడవి కాలుచుండగా ప్రాణులన్నియు ఒకచోట క్రిక్కిరిసినవి. ఏనుగు గోకికొనుటకు కాలెత్తగా, ఆ చోటికి ఒక కుందేలు చేరెను. రెండున్నర దినములు ఏనుగు కాలు దింపలేదు. బాల్యమునుండి విన్న కథయే. కాని ఏనుగు ఆ కుందేలును చేరదీయలేదనియు, ముద్దు చేయలేదనియు, తన కాలును మాత్రము తాను నిలుపుకొనెననియు అప్పుడే గమనించితిని.

నాటినుండి ఎత్తుట మానితిని. ఉదయము ఆ గదిలోనే నేలపై కూర్చుండి సామాయికము చేయసాగితిని. 48 నిమిషములు కదలరాదు, దేనిని కోరరాదు. మొదట నా చూపంతయు బీరువా క్రిందనే. ఇది నన్నెప్పుడు ప్రేమించునా యని. అదియు పరిగ్రహమే గదా! ఆ చూపు ఎన్నడు మానితినో తెలియదు. ఒకనాడు కటాసనపు అంచును ముక్కుతో తాకి పారిపోయెను. నెల దాటిన పిదప నా మోకాలి ప్రక్కన కాళ్ళు చాచి పండుకొనెను. ఎత్తుకొనుటకు ఇప్పటికిని ఒప్పుకొనదు.

ఇంకొక పద్దు తేలలేదు. నేను కొన్న మరుసటి వారమే ఆ సంతవాడు, "సేటుగారూ, మీ కోసమే తెచ్చాను" అని రెండు కుందేళ్ళను చూపెను. కొనువాడుండిన సరకు వచ్చునని నాకొకరు చెప్పవలెనా? విడిపించినది ఒకటి, రప్పించినవి రెండు. కొనక తిరిగి వచ్చితిని. వాటి గతి యేమైనదో ఊహించుట కష్టము కాదు. సంవత్సరినాడు అందరిని క్షమాపణ వేడుచు వాటిని తలచుకొంటిని. కొనవలసినదని మా అన్నగారనిరి. కూడదని నా కుమారుడనెను. మీరేమందురో సంఘములో కలిసినప్పుడు చెప్పుడు.